ముసాయిదా రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అంతర్జాతీయ నేరాలపై జాతీయ చట్టం ముసాయిదా రాసే బృందంలో నిన్ను చేర్చుకున్నారని మీ నాన్న చెప్పాడు. గర్వంతో ఒళ్లు పులకరించింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఉద్దేశం, ఎరుక అనే రెండు మాటలున్న క్లాజులు నీకు అప్పగించారట. కేసులు నిలిచేదీ వీగిపోయేదీ తరచు అక్కడే.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన రోమ్ శాసనంలో, ఈ రెండు మాటలనూ నిర్వచించే 30వ అధికరణాన్ని ఎదురుగా పెట్టుకో. ఇలాంటి నేరాలపై బ్రిటన్ చేసిన 2001 చట్టం 66వ సెక్షన్‌లో ఆ నిర్వచనాలనే దాదాపుగా తెచ్చుకుంది. అవే నేరాలపై జర్మనీ 2002 స్మృతి తన సాధారణ శిక్షాచట్ట సూత్రాలనే నమ్ముకుంది. రెండూ చదువు.

ఒకప్పుడు ఇలాంటి ముసాయిదాలోనే నేను చేసిన తప్పు మాత్రం వివరంగా చెప్పాలి. మానవాళిపై నేరం విషయంలో, పౌరులపై సాగుతున్న విస్తృతమైన లేక క్రమబద్ధమైన దాడిలో తన చర్య భాగమని నిందితుడు ఎరిగి ఉండాలి, లేదా భాగం కావాలని ఉద్దేశించి ఉండాలి. మధ్యలోని ఆ 'లేదా' నాకు బలహీనంగా తోచింది. ఇంత పెద్ద నేరానికి రుజువు కూడా అంత గట్టిగా ఉండాలనుకుని, దాన్ని కొట్టివేసి 'ఎరిగీ, ఉద్దేశించీ' అని రాశాను.

ముసాయిదా చూసిన ఒక విశ్రాంత న్యాయమూర్తి నన్ను కూర్చోబెట్టి, ఒక నిర్బంధ కేంద్రం కాపలాదారును ఊహించుకోమన్నారు. అతడు రోజూ సాయంత్రం లారీలో వచ్చినవారి పేర్లు రిజిస్టర్‌లో ఎక్కిస్తాడు, 'కారణం' అనే గడిని ఖాళీగా వదిలేస్తాడు, తాళం వేసి ఇంటికి వెళతాడు. నగరమంతటా ఒకే వర్గం వారిని పట్టుకొస్తున్నారని అతడికి తెలుసు, కానీ ఆ దాడి సాగాలన్న కోరిక అతడికి లేదు, నెలజీతం చాలు. "మీ సెక్షన్ ఇతడిని ఏం చేస్తుంది?" అన్నారు. నేను తల వంచుకున్నాను, ఎందుకంటే నా సెక్షన్ అతడిని ఇంటికి పంపేస్తోంది. వెంటనే 'లేదా'ను తిరిగి రాశాను. ఆ ఖాళీ గడి మాత్రం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అలాగని రెండో వైపుకు ఒరిగిపోకు. కిందివారు చేసిన నేరాలకు పై అధికారిని బాధ్యుణ్ణి చేసే రోమ్ శాసనం 28వ అధికరణం కింద, సైనికాధికారి విషయంలో 'తెలిసి ఉండవలసింది' అన్నది సరిపోతుంది; పౌర అధికారి విషయంలో, స్పష్టమైన సమాచారాన్ని తెలిసి తెలిసి పక్కన పెట్టాడని చూపాలి. ఆ తేలిక కొలతను మిగతా నేరాలకు పాకనిస్తే, నిజంగా ఏమీ ఎరుగని మనిషి చిక్కుకుంటాడు. నన్ను భయపెట్టేది అదే. ఇక జాతి నిర్మూలనలో ఒక సమూహాన్ని పూర్తిగా గానీ కొంత గానీ నాశనం చేయాలన్న ప్రత్యేక ఉద్దేశం ఉండి తీరాలి, అక్కడ ఎరుక దాని స్థానంలో నిలవదు. ఒప్పుకోలు లేనప్పుడు చర్యలను బట్టీ సందర్భాన్ని బట్టీ ఆ ఉద్దేశాన్ని నిర్ధారించవచ్చని రువాండా మారణకాండను విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1998లో అకయేసు అనే నిందితుడి కేసు తీర్పులో చెప్పింది.

అర్ధరాత్రి దాటేదాకా రాస్తున్నావట. ఆ అలవాటు మానెయ్యి. నేను 'లేదా' కొట్టివేసింది అలాంటి రాత్రే, తల్లీ. మొత్తం ముసాయిదా పూర్తయ్యేదాకా ఆగకుండా, ముందు ఆ 'లేదా' ఉన్న ఒక్క వాక్యం నాకు పంపు.