మారథాన్ సాధన జనవరి 1న వద్దు, ఉగాదికి మొదలుపెట్టండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: వయసు 36, ఉద్యోగం, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, ప్రస్తుతానికి ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తగలరు. జనవరి 1న సాధన మొదలుపెట్టి ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పూర్తి దూరం, అంటే 42.195 కిలోమీటర్లు, పరుగెత్తాలని కోరిక. దాంతోపాటు 12 కిలోలు తగ్గాలి, నెలకు రెండు పుస్తకాలు చదవాలి, రాత్రిపూట ఫోను మానాలి. ఇవన్నీ ఇల్లూ ఉద్యోగమూ చెడకుండా ఎలా అని.

నేనూ ఇలాంటి జాబితా ఒకటి రాసుకున్నవాడినే. బీమా ఏజెంటు ఇచ్చిన కొత్త డైరీ మొదటి పేజీలో, ఎర్ర సిరాతో, అయిదు లక్ష్యాలు. సంక్రాంతికల్లా రెండు పోయాయి (అరిసెలు ఎదురుగా ఉండగా తీపి మానడం ఒకటి). మిగిలినవాటిలో మారథాన్ ఒక్కదాన్నే పట్టుదలగా పట్టుకున్నాను. ఫిబ్రవరి చివర్లో ఎడమ కాలి ముందు ఎముక వెంట నొప్పి మొదలైంది. నేను పనిచేసేది ఒక కంపెనీ లెక్కల విభాగంలో. మార్చి అంటే మాకు ఇంటికి రాత్రి పదింటికి చేరే నెల. నొప్పితో, నిద్రలేమితో మరో రెండు వారాలు లాగి, చివరకు వైద్యుడి దగ్గరకు వెళితే ఆరు వారాలు పరుగు మానమన్నారు. ఆ ఏడాది అంతటితో సరి. మరుసటి ఏడాది పూర్తి చేశాను. రెండేళ్ళ మధ్య నా కాళ్ళు పెద్దగా మారలేదు, క్యాలెండర్‌ను చూసే తీరు మారింది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో. పూర్తి దూరానికి సాధన సాధారణంగా 16 నుంచి 20 వారాలు ఉంటుంది. ఆగస్టు చివరి వారం నుంచి వెనక్కి లెక్కపెట్టి చూడండి, ఇంచుమించు ఉగాది దగ్గరకు వస్తారు. మన కొత్త సంవత్సరమే దీనికి సరైన ముహూర్తం అన్నమాట! జనవరి 1న ఉత్సాహంగా మొదలుపెట్టినవారికి అసలు బరువైన వారాలు రాకముందే విసుగు పుడుతుంది. ఎనిమిది నెలలు ఒకే లక్ష్యం మీద వేడి తగ్గకుండా ఉండటం ఉద్యోగస్తుల వల్ల అయ్యే పని కాదు.

మరి జనవరి నుంచి మార్చి దాకా ఏమి చేయాలి? వారానికి మూడు రోజులు, అరగంట నుంచి ముప్పావుగంట, పక్కనున్న మనిషితో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా. అంతే. ఊపిరి నెలన్నరలో అలవాటుపడుతుంది. ఎముకలకు, కీళ్ళ దగ్గరి స్నాయువులకు అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. నా కాలి నొప్పికి కారణం ఇదే: ఆయాసం రావడం లేదు కదా అని దూరం పెంచుకుంటూ పోయాను. ఉగాదినాటికి ఇబ్బంది లేకుండా 10 కిలోమీటర్లు పరుగెత్తగలిగితే చాలు, మీరు సమయానికే ఉన్నారు.

ఈ మూడు నెలల్లో నేర్చుకోవలసిన అసలు విద్య పరుగు కాదు, పడుకోవడం. అందరూ నన్ను ‘పొద్దున్నే ఎన్నింటికి లేస్తారు’ అని అడుగుతారు. ఎన్నింటికి పడుకుంటారని ఒక్కరూ అడగరు. నాలుగున్నరకు లేవడం గొప్పేమీ కాదు, అలారం ఎవరికైనా మోగుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను హాల్లో వదిలేసి గదిలోకి వెళ్ళడం ఉందే, అదీ కష్టం. అప్పుడే కార్యాలయం వాట్సాప్ బృందంలో ఎవరో ఒకరు ‘ఒక చిన్న సందేహం’ అంటారు. నిద్ర తగ్గించి పరుగు పెంచితే ముందు కోపం పెరుగుతుంది, తరవాత జలుబు వస్తుంది, ఆ తరవాత గాయం. మీ జాబితాలో రాత్రి ఫోను మానడం ఉంది కదా, జనవరికి అదొక్కటే ఉంచుకోండి. మిగతావి కొట్టేయండి.

ముఖ్యంగా ఆ 12 కిలోలు. బరువు తగ్గడం కోసం మారథాన్, మారథాన్ కోసం బరువు తగ్గడం అని రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఆదివారం 25 కిలోమీటర్లు పరుగెత్తాల్సిన మనిషి శనివారం రాత్రి అన్నం మానేసి పుల్కాలు తింటే ఏమవుతుందో నాకు తెలుసు, పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర కాలిబాట మీద కూర్చుని ఆటో పిలిచాను. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం చాలామందికి 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. ఖాళీ గిన్నెతో బయలుదేరితే ఇంకా ముందే. తగ్గదలిస్తే జనవరి నుంచి మార్చిలోపు నెమ్మదిగా రెండు మూడు కిలోలు తగ్గండి. ఏప్రిల్ నుంచి కడుపునిండా తినండి. నేను సాధన ముగిసేనాటికి ఒక కిలో పెరిగాను. మా ఇంట్లో బియ్యం బస్తా అయిదు రోజుల ముందే అయిపోయింది.

ఇక ఏప్రిల్ నుంచి వారం ఇలా గడిచేది. మంగళ, గురువారాల్లో గంట చొప్పున, శనివారం నెమ్మదిగా నలభై నిమిషాలు, ఆదివారం దూరప్పరుగు. ఆ దూరాన్ని వారానికి ఒకటి రెండు కిలోమీటర్ల చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారం బాగా తగ్గించి, జూలై చివరికి 30 దాకా తీసుకెళ్ళాను. చివరి రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ రావడమే. తప్పిపోయిన పరుగును మర్నాడు రెట్టింపు చేసి పూడ్చే ప్రయత్నం చేయవద్దు, పోయింది పోయినట్టే. బలం కోసం వ్యాయామశాలకు వెళ్ళే తీరిక నాకు లేదు. గుంజీలు తీసేవాడిని. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోపు గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగేవాడిని. రెండుసార్లు పాలు పొంగిపోయి, పొయ్యి తుడిచే పని కూడా సాధనలో భాగమైంది.

ఎండ సంగతి మీకు తెలిసిందే. ఏప్రిల్, మేలలో ఆరున్నరకల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి, గడియారంలో వేగం చూడకండి. జూన్‌లో వానలు మొదలయ్యాక రెండు జతల బూట్లు కావాలి. తడిసిన జతలో పాత దినపత్రికలు ఉండలు చుట్టి కుక్కి పెడితే, మధ్యలో ఒకసారి కాగితాలు మార్చితే, మర్నాటికి చాలావరకు ఆరతాయి. చీకట్లో వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి.

మన పండుగల లెక్క ఇక్కడ ఎంత పనికొచ్చిందో చెప్పాలి. మేలో పెళ్ళిళ్ళు. రాత్రి పదకొండుకు భోజనం, ఒంటిగంటకు ఇల్లు. అలాంటి ఆదివారాల్లో దూరప్పరుగు పెట్టుకోకుండా, పెళ్ళికి ముందురోజుకు మార్చేవాడిని. జూలైలో అధికభాగం సాధారణంగా ఆషాఢం, ముహూర్తాలు ఉండవు. సాధనలో అతి బరువైన వారాలు సరిగ్గా అప్పుడే వస్తాయి. ఎవరింటికీ వెళ్ళనక్కరలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. మా పెద్దవాళ్ళు ఆషాఢాన్ని ఎందుకు పక్కన పెట్టారో గానీ మారథాన్‌కు మాత్రం అంతకు మించిన నెల లేదు. శ్రావణం వచ్చి పూర్ణాలూ పేరంటాలూ మొదలయ్యేసరికి మీరు దూరం తగ్గించే వారాల్లో ఉంటారు.

వేసవి సెలవుల్లో వారం రోజులు తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఉన్నాను. తెల్లవారుజామున కాలువ గట్టు మీద పరుగెత్తుతుంటే సైకిల్ మీద పాలకేన్లతో వస్తున్న పెద్దాయన దిగి, ‘ఏమండీ, బస్సు తప్పిందా? ఎక్కండి, సెంటరులో దింపుతాను’ అన్నారు. ఊరికే పరుగెత్తుతున్నానని చెప్పాను. ఆయన కాసేపు నన్నూ, నా బూట్లనూ చూసి, ‘ఊరికేనా’ అని సైకిలెక్కారు. ఆ రెండో మాట మధ్యాహ్నానికి మా అత్తగారి దాకా చేరింది.

ఇల్లు చెడకుండా ఎలా అన్నారు. నాకు అది చెడ్డాకే తెలిసింది. జూన్‌లో ఒక ఆదివారం 24 కిలోమీటర్లు పూర్తిచేసి ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చాను. స్నానం, టిఫిను, సోఫా. లేచేసరికి ఒంటిగంట. భోజనం, మళ్ళీ సోఫా. సాయంత్రం పార్కుకు వెళదామని పిల్లలు అడిగితే కాళ్ళు పట్టేశాయన్నాను. రాత్రి బట్టలు మడతపెడుతూ మా ఆవిడ, ‘పరుగెత్తేది మీరు మూడు గంటలే. ఆదివారం మొత్తం పోయేది మాకు’ అంది. తను బడిలో టీచరు. ఆరు రోజులు పొద్దున్నే రెండు క్యారియర్లు కట్టి ఏడున్నరకు బయటపడుతుంది. తనకున్నదీ ఆ ఒక్క ఆదివారమే. సమాధానం చెప్పలేక, మడతపెట్టిన తువ్వాలునే మళ్ళీ విప్పి మడతపెట్టాను.

ఆ రాత్రి లెక్కలవాడి బుద్ధితో లెక్క వేశాను. వారానికి 50 కిలోమీటర్లు, నా వేగానికి ఆరు గంటల పైచిలుకు. దానికి బూట్లు వేసుకోవడం, వెళ్ళి రావడం, ఒళ్ళు సాగదీయడం, అదనపు స్నానం, పగటి నిద్ర, చెమట బట్టలు ఉతకడం కలిపితే పదకొండు గంటలు తేలింది. ఇంట్లో నేను అనుమతి అడిగింది ఆరు గంటలకు, వాడుకున్నది పదకొండు. మీరు మీ ఇంట్లో అడగబోయేముందు ఈ రెండో అంకె చెప్పి అడగండి.

ఆ తరవాత ఇద్దరం కూర్చుని కొన్ని మార్పులు చేసుకున్నాం. ఆదివారం ముందే లేచి ఏడున్నరకల్లా ఇంట్లో ఉండటం. ఆ రోజు టిఫిను నా వంతు. 26 కిలోమీటర్ల తరవాత పెనం ముందు నిలబడి పదిహేను దోసెలు వేయడం మొదట్లో శిక్షలా అనిపించింది గానీ, కాళ్ళు పట్టేయకపోవడానికి అదే మందని తరవాత తెలిసింది. పగటి నిద్ర నలభై నిమిషాలే. నా చెమట బట్టలు నేనే ఉతుక్కోవడం. అన్నిటికంటే పనిచేసింది మరొకటి: శనివారం పొద్దున రెండు గంటలు పూర్తిగా తనవి. ఆ సమయంలో తను ఏమి చేస్తుందని నేను అడగను. మొదటి మూడు వారాలూ నిద్రపోయింది.

కార్యాలయంలో నేను ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకపోవడమే మంచిది. చెబితే పని ఆలస్యమైన ప్రతిసారీ పరుగు మీదికే వస్తుంది.

తిండి గురించి రెండు మాటలు. రాత్రి పెరుగన్నం, పొద్దున అరటిపండు, అరగ్లాసు కాఫీ నాకు సరిపోయాయి. రెండు గంటలు దాటే పరుగుల్లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలంటారు. నేను జేబులో ఖర్జూరాలు పెట్టుకునేవాడిని, పల్లీ చిక్కీ మాత్రం నా కడుపుకు పడలేదు. మీకు ఏది పడుతుందో సాధనలోనే తేల్చుకోండి, పరుగు రోజున కొత్తది ముట్టకండి. ఆగస్టు ఉక్కలో చెమట ధారగా పోతుంది, ఓఆర్ఎస్ తప్పనిసరి. భయంతో ఉత్త నీళ్ళు లీటర్లకు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

పరుగు రోజు నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఎక్కుడు దిగుడు దారి, ఫ్లైఓవర్లు వదలవు. ముప్పై మూడో కిలోమీటరు తరవాత ప్రతి ఎక్కుడునూ నడిచాను. కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే 2019లో వియన్నాలో 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించిన దూరం నాకు 5 గంటల 20 నిమిషాలు పట్టింది. స్టేడియంలో మా అమ్మాయి మొదట అడిగింది, ‘నాన్నా, ఇవాళ దోసెలు ఎవరు వేస్తారు?’ అని.

పుస్తకాల సంగతి మరిచాను. సాధన నెలల్లో నెలకు రెండు కుదరవు, రెండో పేజీలోనే నిద్ర వస్తుంది. సెప్టెంబరు నుంచి చదువుకోండి.

ఈ డిసెంబరులో కూడా ఏజెంటు డైరీ తెచ్చిచ్చారు. మొదటి పేజీలో ఏమైనా రాద్దామని తెరిస్తే, మా ఆవిడ అప్పటికే అందులో పాల లెక్క మొదలుపెట్టింది.