చెన్నై ఎండలో 370జెడ్: కోన్ ఫిల్టర్ వేయిస్తే ఇంజిన్‌కి చల్లగాలి అందుతుందా?

మీరు సెకండ్ హ్యాండ్‌లో నిస్సాన్ 370జెడ్ స్పోర్ట్స్ కారు కొన్నారు. ఉండేది అన్నానగర్. మధ్యాహ్నం ట్రాఫిక్‌లోంచి బయటపడ్డాక బండి లాగడం లేదు. షాపువాళ్లేమో ఫ్యాక్టరీ ఎయిర్ బాక్సులు (గాలి ఫిల్టర్లు ఉండే మూసిన పెట్టెలు) తీసేసి, పెట్టె లేకుండా బయటే ఉండే గరాటు ఆకారపు కోన్ ఫిల్టర్లు రెండు వేయించమంటున్నారు. వేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న. ఇప్పుడే వద్దు అంటాను. నేనూ చెన్నైలో ఇదే బండి నడుపుతున్నాను. ఇంజిన్ పీల్చే గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నది ముందు తేల్చుకోవాలి. ఫిల్టర్ ఆకారం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు ఖర్చు పెట్టేముందు కొలవండి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ వివరాలు చదివే ప్లగ్) ఒక బ్లూటూత్ డాంగిల్ పెడితే ఫోన్ యాప్‌లో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్, అంటే ఇంజిన్ పీల్చే గాలి వేడి, కనిపిస్తుంది. హైవే మీద నిలకడగా వెళ్తున్నప్పుడు ఆ అంకె బయటి వేడి కన్నా ఐదు నుంచి పది డిగ్రీలు ఎక్కువుంటే కంగారు లేదు. కోయంబేడు దగ్గర సిగ్నల్‌లో ఇరుక్కుంటే 60 దాటినా టెన్షన్ పడకండి, ఆగిన బండిలో ఏ ఇన్‌టేక్ అయినా వేడెక్కుతుంది. రోడ్డు ఖాళీ అయి బండి వేగం అందుకున్నాక ఆ అంకె ఎంతసేపటికి దిగుతోందో చూడండి. రెండు మూడు నిమిషాల్లో దిగితే మంచిదే. ఎంతకీ దిగకపోతే బానెట్ కింద వేడి గాలి ఎక్కడినుంచో ఇన్‌టేక్‌లోకి చేరుతోందన్నమాట.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. 35 డిగ్రీల గాలి 60కి చేరితే అదే సిలిండర్‌లో పట్టే గాలి బరువు 7 శాతానికి పైగా తగ్గుతుంది. ఈ 3.7 లీటర్ల వీ6 ఇంజిన్‌కి టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) లేదు కాబట్టి ఆ లోటు పూడ్చేది ఏదీ లేదు. దానికి తోడు, గాలి వేడిగా ఉన్నప్పుడు నాకింగ్ (పెట్రోల్ అదుపు లేకుండా మండి ఇంజిన్ టకటకలాడడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్‌ని (స్పార్క్ పడే సమయాన్ని) వెనక్కి జరుపుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా బండి బరువుగా అనిపించడానికి ఇదీ ఒక కారణమే. తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తుంటే ముందు అది మానేయండి. కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన ప్రీమియం పెట్రోలే పోయించండి.

బెంగళూరు వాళ్లకి చల్లగాలి ఉంది, మనకే ఈ ఖర్మ అని ఇక్కడ చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి పీడనం మన దగ్గరకన్నా దాదాపు 10 శాతం తక్కువ. లెక్క కట్టి చూస్తే అక్కడి 25 డిగ్రీల గాలి కన్నా ఇక్కడి 35 డిగ్రీల గాలే చిక్కగా ఉంటుంది. మన ఉక్కపోతలో ఉండే తేమ కొంత తినేసినా సరే, లాభం మనవైపే. టర్బో లేని ఇంజిన్‌కి చెన్నై చెడ్డ ఊరేమీ కాదు.

ఇక నా బండిలో ఏం బయటపడిందో చెప్తాను. నేను కొనక ముందు ఎవరో ముందు బంపర్ విప్పి రిపేర్ చేశారు. మళ్లీ బిగించేటప్పుడు రేడియేటర్ చుట్టూ ఉండాల్సిన స్పాంజి పట్టీలు వేయలేదు. ఒకటి మిగిలింది, వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. కింద ఉండే ప్లాస్టిక్ కవర్ కూడా సగం లేదు, స్పీడ్ బ్రేకర్లకి తగిలి పోయినట్టుంది. అంబత్తూరులో నాకు తెలిసిన మెకానిక్ అన్న ఒకాయన ఏసీ వేసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, టిష్యూ పేపర్ చీల్చి సన్నటి ముక్కని రేడియేటర్ పక్క సందు దగ్గర పట్టుకున్నాడు. ఫ్యాన్ తిరగగానే ఆ ముక్క బండి ముందువైపుకి రెపరెపలాడింది. అంటే రేడియేటర్‌లోంచి వెనక్కి పోయిన వేడి గాలి ఆ సందులోంచి మళ్లీ ముందుకు వచ్చేస్తోంది. ఎయిర్ బాక్సులు పీల్చేది ఆ గాలినే. బంపర్ దగ్గరి గాలి వేడెక్కాక కోన్ ఫిల్టర్ పెట్టినా మరొకటి పెట్టినా పీల్చేది ఆ వేడినే కదా.

మందపాటి రబ్బరు స్పాంజి కోసి సందులన్నీ మూయించాం. కింది కవర్ కోసం పాత స్పేర్ పార్టులు అమ్మే పుదుపేట తిరిగితే దొరకలేదు, కొత్తది తెప్పించాల్సి వచ్చింది. ఎయిర్ బాక్స్ మూతల క్లిప్పులు, గాలి లోపలికి వచ్చే ప్లాస్టిక్ మూతుల అతుకులు కూడా గట్టిగా పట్టేలా చేయించాను. ఆ తర్వాత ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కితే అంకె ఇదివరకటికన్నా చాలా త్వరగా దిగడం మొదలైంది, బండి మునుపటిలా లాగింది. మీ బండికీ బంపర్ పని జరిగి ఉండొచ్చు. టిష్యూ పేపర్ పరీక్ష పైసా ఖర్చు లేనిది, ఇవాళే చేసి చూడండి. ఫ్యాన్‌కి మాత్రం చేతులు దూరంగా ఉంచండి.

ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి గాలి తెచ్చే పైపు అల్యూమినియందైతే వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మంచిది అనే వాదన కూడా మీకు వినిపిస్తుంది. ఆగి ఉన్నప్పుడు అందులో కొంత నిజం ఉంది. పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం తేడా చాలా స్వల్పం. 7000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ సెకనుకి 200 లీటర్లకు పైగా గాలి మింగుతుంది. అంత వేగంగా పోయే గాలికి పైపు గోడల వేడి అంటుకునే సమయమే ఉండదు.

బానెట్ వెనక బోల్టుల కింద వాషర్లు పెట్టి సందు చేయమని చెప్పేవాళ్లని నమ్మకండి. బండి ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. వేగంలో ఆ సందులోంచి వేడి బయటికి పోవడానికి బదులు గాలి లోపలికి వస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఫిల్టర్లు, పైపులు కలిపి అమ్మే ఇన్‌టేక్ కిట్ కావాలనిపిస్తే, ఓపెన్ కోన్ వద్దు. ఇంజిన్ వేడికి అడ్డుగా నాలుగు వైపులా మూసి ఉండే పెట్టె, దాంట్లోకి ముందునుంచి గాలి తెచ్చే డక్టు ఉన్నదే అడగండి. లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ కూర్చునే చోట పైపు వ్యాసం ఒరిజినల్‌తో సమానంగా ఉండాలి. వ్యాసం మారితే ఈసీయూ గాలిని తప్పుగా లెక్కేస్తుంది, పెట్రోల్ పాళ్లు తేడా వస్తాయి. నూనె పూసే కాటన్ ఫిల్టర్ అయితే నూనె అతిగా పూయనివ్వకండి, అది ఆ సెన్సర్ సన్న తీగ మీద చేరుతుంది.

పొడవాటి పైపులతో ఫిల్టర్లని బంపర్‌లోకి దించే కిట్లు కూడా ఉన్నాయి. గాలి చల్లగానే ఉంటుంది, అది కాదనను. కానీ వానాకాలంలో మన రోడ్లు మీకు తెలుసు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో కార్లు ఎలా మునిగాయో చూశాం. నీరు నొక్కితే కుదించుకుపోదు, సిలిండర్‌లోకి ఒక్కసారి పోతే పిస్టన్లని పట్టుకునే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో ఆ నష్టం సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. కిట్ వేయించిన సంగతి కూడా ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.