ఆపి ఉన్న కారును ఎవరో గుద్దితే: అమెరికాలో క్లెయిమ్ సంగతులు

అపార్ట్‌మెంటు ముందో ఆఫీసు పార్కింగ్ లాట్‌లోనో నిలిపి ఉంచిన కారును మరొకరు గుద్దినప్పుడు, అమెరికాకు కొత్తగా వచ్చినవారిలో చాలామంది తమ సొంత ఇన్సూరెన్స్‌కే ఫోన్ చేసి, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబు నుంచి పెట్టుకోవలసిన వాటా) కట్టి, బాగుచేయించుకుని ఊరుకుంటారు. ప్రీమియం పెరుగుతుందన్న భయంతో ఎవరికీ చెప్పకుండా వదిలేసేవారూ ఉన్నారు. రెండూ అనవసరపు నష్టాలే. సక్రమంగా పార్క్ చేసి, లోపల ఎవరూ లేని కారు విషయంలో తప్పెవరిదన్న వాదనకు దాదాపుగా చోటుండదు కనుక, చాలా రాష్ట్రాల్లో ఆ ఖర్చు గుద్దినవారి లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఇతరులకు కలిగించిన నష్టానికి చెల్లించేది) నుంచి రావలసిందే. మీ వీసా ఏదన్న దానితో దీనికి సంబంధం లేదు. కానీ ఆ కంపెనీ ఇవ్వవలసిన వాటిలో కొన్ని అడిగినవారికే వస్తాయి, అడగనివారికి వాటి మాట కూడా ఎవరూ ఎత్తరు.

గుద్దినవారు అక్కడే ఉంటే, కార్లు కదలకముందే రెండూ ఒకే ఫోటోలో కనిపించేలా తీసి, వారి నంబర్ ప్లేటు, డ్రైవింగ్ లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు కూడా ఫోటో తీసుకోండి. ఎవరికీ దెబ్బలు తగలనప్పుడు ప్రైవేటు పార్కింగ్ స్థలాలకు పోలీసులు రాకపోవడం చాలా ఊళ్లలో మామూలే. అటువంటప్పుడు ఆన్‌లైన్‌లోనో స్టేషన్‌కు వెళ్లో రిపోర్టు ఇచ్చి దాని నంబరు దాచుకోవాలి. గుద్దినవారు వెళ్లిపోయి ఉంటే, అపార్ట్‌మెంటు లీజింగ్ ఆఫీసును గానీ దుకాణం మేనేజరును గానీ అదే రోజు కలిసి కెమెరా రికార్డింగును భద్రపరచమని రాతపూర్వకంగా కోరండి, ఎందుకంటే చాలా కెమెరాలు కొద్ది రోజులకే పాత దృశ్యాలను చెరిపేసి కొత్తవి రాసుకుంటాయి.

మనవాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో గుద్దినవారు కూడా తెలుగువారే అయి, "ఇన్సూరెన్స్ దాకా ఎందుకన్నా, ఎంతయితే అంత నేనే ఇచ్చేస్తాను" అనడం కద్దు. మొహమాటానికి అప్పటికప్పుడు ఒప్పుకోకండి. ఈనాటి కార్లలో బంపర్ వెనుక సెన్సార్లు, రాడార్లు ఉంటాయి; పైకి గీతలా కనిపించినది విప్పి చూసేసరికి, వాటిని మళ్లీ క్యాలిబ్రేట్ చేయడంతో కలిపి, వేల డాలర్ల పని కావచ్చు. ఆ అంకె చూశాక అదే మనిషి ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు. పాలసీ వివరాలు తీసుకున్నాక, బాడీ షాపు ఎస్టిమేటు చూసి, నగదు సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు.

అవతలి కంపెనీకి మీరే నేరుగా ఫోన్ చేసి క్లెయిమ్ తెరవవచ్చు. వారు క్లెయిమ్ నంబరు ఇచ్చి నష్టాన్ని అంచనా కట్టి క్లెయిమ్‌ను చూసుకునే ఒక అడ్జస్టరును కేటాయిస్తారు. రికార్డు చేసే వాంగ్మూలం అడిగితే, అవతలి కంపెనీకి అది ఇచ్చి తీరాలన్న నియమమేమీ మీ మీద లేదు. కారు ఎక్కడ, ఎప్పుడు, ఎలా నిలిపి ఉందో క్లుప్తంగా ఈమెయిల్‌లో రాసిస్తే సరిపోతుంది. సాధారణంగా ఆలస్యం జరిగేది వారి పాలసీదారు వారికే ఫోన్‌లో దొరకనప్పుడు. ఆ నిరీక్షణ సాగుతుంటే, మీకు కొలిజన్ కవరేజీ (గుద్దుడు వల్ల మీ కారుకు జరిగిన నష్టానికి మీ పాలసీయే చెల్లించేది) ఉన్నపక్షంలో సొంత కంపెనీ ద్వారా పని కానిచ్చుకోండి. వారు ఆ డబ్బును అవతలివారి నుంచి రాబట్టుకుంటారు, దీన్నే సబ్రొగేషన్ అంటారు, అది ఫలిస్తే మీరు కట్టిన డిడక్టిబుల్ కూడా తిరిగి వస్తుంది. కాంప్రిహెన్సివ్ మాత్రమే ఉన్నవారికి ఈ దారి లేదు, అది దొంగతనం, వడగళ్ల వంటి వాటికే గానీ గుద్దుడుకు వర్తించదు.

అవతలి కంపెనీ ఫోటోలు చూసి పంపే మొదటి చెక్కును చివరి మాటగా తీసుకోవద్దు. షాపువారు విప్పి చూశాక బయటపడిన నష్టానికి సప్లిమెంట్ (అదనపు ఎస్టిమేటు) పంపితే కంపెనీ దానిని పరిశీలించి అదనపు సొమ్ము ఇస్తుంది, ఇది షాపులకు రోజువారీ వ్యవహారం. మరమ్మతు జరిగినన్ని రోజులకు అద్దె కారు ఖర్చు కూడా వారే భరించాలి. మీ పాలసీలో రెంటల్ కవరేజీ లేకపోయినా ఇది మీకు రావలసిన సొమ్మే. ఇక అందరూ మరిచిపోయేది డిమినిష్డ్ వాల్యూ. ఎంత బాగా బాగుచేసినా, ప్రమాద చరిత్ర నమోదైన కారుకు అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది; ఆ తగ్గుదలను చాలా రాష్ట్రాల్లో గుద్దినవారి కంపెనీ నుంచి అడగవచ్చు. జార్జియాలోనైతే, 2001లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, సొంత ఇన్సూరెన్స్ కంపెనీ కూడా దానిని లెక్కకట్టవలసి ఉంటుంది. పాత కారుకు దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు గానీ, కొత్త కారైతే అడగకపోవడం పొరపాటు. ఇవి తేలకముందే పూర్తి పరిష్కారమని రాసి ఉన్న రిలీజ్ పత్రం మీద సంతకం చేయకండి.

రాష్ట్రాన్ని బట్టి మారేవి కొన్ని ఉన్నాయి. మిషిగన్‌లో నో-ఫాల్ట్ పద్ధతి (తప్పెవరిదైనా ఎవరి నష్టం వారి ఇన్సూరెన్సే చూసుకోవడం) ఉన్నా, సక్రమంగా పార్క్ చేసిన కారుకు మినహాయింపు ఉంది: గుద్దినవారి పాలసీలోని ప్రాపర్టీ ప్రొటెక్షన్ భాగమే చెల్లిస్తుంది. కాలిఫోర్నియాలో ఆస్తి నష్టానికి చట్టం కోరే కనీస కవరేజీ 2024 చివరి వరకు 5,000 డాలర్లే ఉండి, 2025 నుంచి 15,000 అయింది. టెక్సస్‌లో అది 25,000. ఒకే డ్రైవరు వరుసగా నాలుగైదు కార్లను గుద్దితే ఆ ఒక్క పరిమితినే అందరూ పంచుకోవాలి కనుక, క్లెయిమ్ ఆలస్యం చేయకండి.

గుద్దినవారెవరో తెలియకపోతే కొలిజనే దిక్కు. అది లేనివారికి అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ ప్రాపర్టీ డ్యామేజ్ కవరేజీ (గుద్దినవారికి ఇన్సూరెన్స్ లేనప్పుడు మీ పాలసీ నుంచి చెల్లించేది) కొన్ని రాష్ట్రాల్లో ఆదుకుంటుంది గానీ, కాలిఫోర్నియాలో దాని గరిష్ఠం 3,500 డాలర్లే, పైగా గుద్దిన కారు గుర్తు తెలిసి ఉండాలి.

కంపెనీ తక్కువ ఇచ్చి కదలనంటే రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. దానితోనూ తేలకపోతే చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. కాలిఫోర్నియాలో వ్యక్తులు అక్కడ 12,500 డాలర్ల వరకు అడగవచ్చు, వకీలు అవసరం లేదు. దావా మాత్రం కంపెనీ మీద కాక గుద్దిన డ్రైవరు పేరు మీద వేయాలి. ఆస్తి నష్టానికి దావా వేసే గడువు టెక్సస్‌లో 2 ఏళ్లు, కాలిఫోర్నియాలో 3 ఏళ్లు. అడ్జస్టరుతో ఈమెయిళ్లు నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.