‘డిడ్’ వచ్చాక ‘వెంట్’ ఎందుకు రాదు?

ప్రశ్న: నమస్తే మేడం. బట్టల షాపులో పని చేస్తూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాను. ‘నిన్న ఏం చేశావ్?’ అని ఇంగ్లిష్‌లో అడిగితే చాలు, టెన్షన్ వచ్చేస్తుంది. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అంటే తప్పన్నారు. వెంట్ పాస్ట్ టెన్సే కదా? గైడులోని వర్బుల పట్టిక బట్టీ పడుతున్నా గుర్తుండడం లేదు.
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, మనం ‘వెళ్లాను’ అంటాం. వెళ్లకపోతే ‘వెళ్లాను లేదు’ అంటామా? ‘వెళ్లలేదు’ అంటాం. ఇంగ్లిష్‌లోనూ డిడ్ వచ్చిందంటే జరిగిపోయిన కాలం దాంట్లోనే ఉన్నట్టు. వెనకాల వర్బును కదపొద్దు: ‘ఐ డిడ్ నాట్ గో’. ప్రశ్న వేసినా అంతే, ‘డిడ్ యూ గో?’ వాజ్, వర్ ఉన్నచోట మాత్రం డిడ్‌తో పని లేదు: ‘ఐ వాజ్ నాట్ ఎట్ హోమ్’.

ఇక ఆ గైడు పక్కన పెట్టు. ఎ నుంచి జెడ్ దాకా పేర్చిన పట్టిక వెతుక్కోవడానికే గానీ నోటికి రావడానికి కాదు. నీ షాపులో చేసే పనులే తీసుకో. ప్యాక్ చేస్తావు, షో చేస్తావు, ఫోల్డ్ చేస్తావు. ఈ మూడింటికీ చివర ‘ఇడి’ అనే రెండక్షరాలే చేరతాయి, పలకడం మాత్రం మూడు రకాలు: ప్యాక్ట్, షోడ్, ఫోల్డెడ్. ట, డ శబ్దాలతో ముగిసే వర్బులకే ‘ఎడ్’ విడిగా వినపడాలి. మనవాళ్లు వాష్ట్‌ను ‘వాషెడ్’ అనేస్తారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు.

సెల్ సోల్డ్ అవుతుంది, టెల్ టోల్డ్ అవుతుంది. బై, బ్రింగ్, థింక్‌లు బాట్, బ్రాట్, థాట్. కట్, పుట్ అసలు మారవు. ఇలా శబ్దం కలిసేవాటిని కలిపి పైకి చదువు. ఇంకో ఊరట ఏమిటంటే, ‘హి సెల్స్’లో చివరి ఎస్ గురించి పడే బాధ ఇక్కడ లేదు. ఐ, హి, దే ఎవరైనా సోల్డే.

రాత్రి షట్టర్ వేశాక కాజీపేట బస్సులోనో, నడిచివెళ్తూనో ఆ రోజు బేరాలు నీకు నువ్వే ఇంగ్లిష్‌లో చెప్పుకో. బతుకమ్మ సీజన్‌లో ఇది తప్పకుండా పనికొస్తుంది: ‘ఐ షోడ్ హర్ టెన్ శారీస్, బట్ షి డిడ్ నాట్ బై ఎనీ’.