సంతకం పెట్టాను కాబట్టి అంతా నా ఇష్టమేనా?

ప్రశ్న: నా వయసు 24. వెబ్ సిరీస్‌లో అవకాశం అని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి వెళ్లాను. బోల్డ్ సీన్లు ఉంటాయని ముందే చెప్పారు. ఇంట్లో అప్పులు ఉన్నాయి, ఒప్పుకున్నాను. ఇంగ్లిష్‌లో ఉన్న అగ్రిమెంట్ చదవకుండానే సంతకం పెట్టాను. మొదటి రెండు షూటింగులు చెప్పినట్టే జరిగాయి. మూడోసారి ముందు చెప్పనివి చేయమన్నారు. కుదరదంటే అగ్రిమెంట్ ప్రకారం పది లక్షలు కట్టమన్నారు, పాత వీడియోలు మా ఊళ్లో అందరికీ పంపుతామన్నారు. భయపడి చేశాను. ఇదంతా జరిగి పదహారు నెలలైంది. వీడియోలు విదేశాల్లో డబ్బు కట్టి చూసే యాప్‌లో మాత్రమే వస్తాయని మేనేజర్ వాట్సాప్‌లో చెప్పాడు. ఏడు నెలల క్రితం అవి ఫ్రీ సైట్లలో కనిపించాయి. ఇప్పుడు తీసేయాలంటే రెండు లక్షలు అడుగుతూ మెసేజ్‌లు పెడుతున్నారు. కోపంలో పాత చాట్లన్నీ డిలీట్ చేసేశాను, ఫోన్ కూడా మార్చాను. నీ ఇష్టంతోనే చేశావుగా అని చుట్టాలు అంటున్నారు. నిజంగా ఇది నా ఇష్టమేనా? మత్తుమందు ఇచ్చి చేయించారని పెడితే కేసు బలంగా ఉంటుందని ఒక స్నేహితురాలు చెప్పింది. అలా పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని కుదించి పైన ఇచ్చాను. చుట్టాల మాటల గురించి మీరు రాసిన మూడు పేజీలు తీసేశాను, ఎందుకంటే వాళ్లెవరూ ఈ కేసులో సాక్షులు కారు. కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది, దాన్ని మీరు ఎక్కడో చివర్లో రాశారు. విదేశాల్లో మాత్రమే వస్తాయని మేనేజర్ వాట్సాప్‌లో చెప్పాడు అన్నది. ముందు దాని సంగతి చూద్దాం.

ఈ రంగంలో పనిచేయడం స్వేచ్ఛగా చేసుకునే ఎంపికా కాదా అని ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు. పేదరికం, అప్పు మనిషిని తోస్తాయన్నది నిజం. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల్లో కూలీల గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జస్టిస్ భగవతి ఆ మాటే చెప్పారు. వేరే దారి లేక కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని, ఆకలి కూడా బలవంతమేనని అన్నారు. నాకు ఎంతో గౌరవం ఉన్న తీర్పు అది. కానీ దాన్ని పట్టుకుని మీ అగ్రిమెంట్ చెల్లదని వాదించాలని చూస్తే ఓడిపోతాం. కాంట్రాక్టు చట్టంలో 'బలవంతం' అనే మాటకు అర్థం చాలా ఇరుకు. ఇంట్లో అప్పులున్నాయి అంటే అది ఎదుటివాడు చేసిన బలవంతం కాదు. అందుకే అప్పుల కథతో మొదలుపెట్టకండి.

కోర్టు మొత్తం పరిశ్రమను విచారించదు, మీ మనసులో ఏముందో కూడా తవ్వదు. ఏ రోజు, ఏ పనికి, ఎవరు చూడటానికి ఒప్పుకున్నారు, ఒప్పుకునే ముందు మీకు ఏం చెప్పారు అని అడుగుతుంది. కెమెరా ముందు నటించడానికి ఒప్పుకోవడం వేరు, ఆ వీడియో ప్రపంచమంతా ఉచితంగా చూడటానికి ఒప్పుకోవడం వేరు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద ఉన్న వివరణ ఈ తేడానే పట్టుకుంటుంది. చిత్రీకరణకు ఒప్పుకున్న మహిళ దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, అలా పంచడం నేరం. ఎదుటి లాయరు ఊరుకోడు, డబ్బులు తీసుకుని సినిమా తీయించుకున్న మనిషికి గోప్యత ఎక్కడిది అంటాడు. దానికి మన జవాబు ఆ వాట్సాప్ మెసేజే. ఎవరు చూస్తారో వాళ్లే హద్దు గీశారు, వాళ్లే దాటారు. ఆ మెసేజ్ చేతిలో ఉంటే వాదన మీ మనసు గురించి కాకుండా వాళ్లు రాతపూర్వకంగా చెప్పిన అబద్ధం గురించి నడుస్తుంది.

సరిగ్గా ఇలాంటి కేసు అమెరికాలో నడిచింది. శాన్‌డియాగోలో ఒక వెబ్‌సైట్ వాళ్లు మోడలింగ్ ప్రకటనలతో అమ్మాయిలను పిలిపించి, వీడియోలు ఇంటర్నెట్‌లో రావు, విదేశాల్లో డీవీడీలుగా మాత్రమే అమ్ముతాం అని చెప్పి సంతకాలు పెట్టించుకున్నారు. 22 మంది కలిసి కేసు వేశారు. 2020 జనవరిలో కోర్టు అది మోసమని తేల్చి, కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది, ఆ వీడియోల మీద హక్కులు కూడా వాళ్లకే ఇచ్చింది. వాళ్లందరూ సంతకాలు పెట్టినవాళ్లే. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు, కానీ ఇది మీ ఒక్కరికే జరిగిన పొరపాటు కాదని, ఈ మోసానికి ఒక పద్ధతి ఉందని తెలియడానికి చెబుతున్నాను.

ఇప్పుడు నిష్ఠూరం. అంత విలువైన మెసేజ్‌ను మీరు డిలీట్ చేశారు! కోపం అర్థమవుతుంది, కానీ మీరు చెరిపేసింది మీ అవమానాన్ని కాదు, వాళ్ల నేరాన్ని. నాలుగు షీట్ల అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టారు, కాపీ అడిగి తీసుకోలేదు, ఏడు నెలలు వాళ్లతో బేరమాడుతూ కూర్చున్నారు. వీటిలో ఒక్కటి మాత్రమే ఇప్పుడు సరిదిద్దగలం, మెసేజ్. వాట్సాప్ కంపెనీని అడిగితే ఇస్తుందని అనుకోకండి, చేరిపోయిన మెసేజ్‌లను వాళ్లు దాచిపెట్టుకోరు. పాత ఫోన్ ఎక్కడుంది? ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ రోజే వెనక్కి తెచ్చుకోండి, ఫార్మాట్ చేయకండి, రికవరీ యాప్‌లు వేసి మీరే వెతకడం మొదలుపెట్టకండి, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లాల్సిన ఫోన్‌లో మనం వేలు పెట్టిన కొద్దీ పోయేది మనకే. కొత్త ఫోన్‌లో వాట్సాప్ ఆటో బ్యాకప్ ఆపేయండి, లేకపోతే పాత బ్యాకప్ ఏదైనా మిగిలి ఉంటే దాని మీదే కొత్తది వచ్చి పడుతుంది. ఈ అవకాశం గురించి అప్పట్లో ఎవరికైనా ఫార్వర్డ్ చేశారా, స్క్రీన్‌షాట్ పంపారా? ఒక్క స్నేహితురాలి ఫోన్‌లో ఉన్నా చాలు. ఆమె ఫోన్ కూడా అలాగే కాపాడమని చెప్పండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, అది ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి, వట్టి ప్రింటవుట్ తీసుకెళ్తే ఎదుటివాళ్లు మొదటి రోజే అభ్యంతరం చెబుతారు.

మీకు తెలియని మంచి విషయం ఒకటుంది. రెండు లక్షలు అడుగుతూ ఇప్పుడు వస్తున్న మెసేజ్‌లు బంగారం. రేపు కోర్టులో వాళ్లు చెప్పబోయే మాట నాకు తెలుసు, మా వీడియో ఎవరో దొంగిలించి సైట్లలో పెట్టారు, మాకేం సంబంధం అంటారు. సంబంధం లేనివాడు తీసేయడానికి ధర ఎలా చెబుతాడు? అవి అలాగే ఉంచండి. ఫోన్ చేస్తే ఎత్తకండి, మెసేజ్‌లోనే మాట్లాడనివ్వండి. డబ్బు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇచ్చినవాళ్లను మళ్లీ అడుగుతారు, నేను చూసిన ఇలాంటి బేరాల్లో ఒక్కసారితో ఆగినది లేదు. డబ్బు తీసుకుంటూ 'నాకు ఏ అభ్యంతరమూ లేదు' అని కొత్త కాగితం ముందు పెడితే అసలు ముట్టుకోకండి, మొదటి సంతకంలో లేని ఒప్పుకోలు అందులో ఉంటుంది.

ఇక మత్తుమందు సంగతి. వద్దు. ఆ స్నేహితురాలు మీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు, కానీ మీ కేసును చంపడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. పదహారు నెలల తర్వాత ఏ రక్త పరీక్షా దాన్ని నిరూపించదు. వీడియోలో మీరు నడుస్తూ, మాట్లాడుతూ కనిపిస్తారు. ఆ సాయంత్రం మీరు యూపీఐతో చేసిన చెల్లింపు, క్యాబ్ బుకింగ్, ఎవరికో పంపిన మామూలు మెసేజ్ ఇవన్నీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆ ఒక్క అబద్ధం తేలిపోయాక మీరు చెప్పిన మూడు నిజాలను ఎవరూ నమ్మరు. పైగా తప్పుడు ఫిర్యాదు చేశారని మీ మీదే కేసు రావచ్చు. మొదటి రెండు షూటింగులకు ఒప్పుకునే వెళ్లానని ధైర్యంగా రాయండి. అది రాస్తేనే మూడోదానికి ఒప్పుకోలేదన్న మాటకు బలం వస్తుంది.

ఆ మూడో రోజు గురించి రాసేటప్పుడు జాగ్రత్త. మీరు పది లక్షల పెనాల్టీని ముందు రాశారు, ఊళ్లో పంపుతామన్న మాటను తర్వాత రాశారు. తిరగేయండి. అగ్రిమెంట్ ప్రకారం డబ్బు కట్టమనడం, కోర్టుకు వెళ్తామనడం తనంతట తాను నేరం కాదు. వీడియోలు ఊళ్లో పంచి పరువు తీస్తామని బెదిరించడం మాత్రం నేరం. న్యాయ సంహిత 28వ సెక్షన్ ప్రకారం హాని జరుగుతుందన్న భయంతోనో, విషయాన్ని తప్పుగా అర్థం చేసుకునో ఇచ్చిన అంగీకారం, ఎదుటివాడికి ఆ సంగతి తెలిసినప్పుడు, అంగీకారమే కాదు. స్త్రీ శీలానికి మచ్చ తెస్తామని బెదిరిస్తే 351వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. అందుకని ఎవరు ఆ మాట అన్నారు, ఏ మాటల్లో అన్నారు, గదిలో ఇంకెవరున్నారు, మేకప్ అమ్మాయి విందా, డ్రైవరు ఉన్నాడా, ఇవన్నీ గుర్తున్నంత వరకు ఈ రాత్రే కాగితం మీద రాసి తేదీ వేయండి. ఆ రోజు జరిగినదానికి అత్యాచారం సెక్షన్ వర్తిస్తుందా లేదా అన్నది మీ వాంగ్మూలం పూర్తిగా చూశాకే చెప్పగలను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి చట్టం ఒప్పుకోదు.

పది లక్షల గురించి నిద్ర మానుకోకండి. కోర్టు ఏ మనిషినీ ఇలాంటి షూటింగ్‌కు వెళ్లి నటించమని ఆదేశించదు. కాగితంలో ఎంత పెనాల్టీ రాసుకున్నా కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద సమంజసమైన పరిహారమే తప్ప రాసినంతా రాదు. అంతకంటే ముఖ్యం, లైంగిక చర్యలను బాహాటంగా చూపించే దృశ్యాలను ఇంటర్నెట్‌లో ప్రచురించడం ఐటీ చట్టం 67ఏ కింద మన దేశంలో నేరం, నటించినవాళ్లు ఒప్పుకున్నా సరే నేరమే, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు. చట్టం నిషేధించిన పని కోసం రాసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు. దాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కే ధైర్యం వాళ్లకు ఉండదు, అందుకే మీ ఇంటి గడప ఎక్కుతామని భయపెడుతున్నారు.

అయితే ఈ 67ఏ సెక్షన్‌కు రెండో వైపు కూడా పదును ఉంది. ఆ క్లిప్‌ను మీరు డౌన్‌లోడ్ చేసి లాయరుకో, పోలీసుకో, స్నేహితురాలికో వాట్సాప్‌లో పంపితే మీరే దాన్ని పంపినవాళ్లవుతారు. నాకూ పంపకండి. లింకు, పేజీ కనిపించేలా స్క్రీన్‌షాట్, తేదీ, సమయం చాలు.

గడువుల సంగతి. శిక్ష ఏడాది దాటి మూడేళ్ల దాకా ఉన్న నేరాలకు కోర్టు కేసు స్వీకరించడానికి మూడేళ్లే పరిమితి, 77వ సెక్షన్ కింద మొదటిసారి చేసిన నేరం ఆ గుంపులోకి వస్తుంది. 67ఏ లాంటి వాటికి ఆ పరిమితి లేదు. మోసంతో చేయించుకున్న అగ్రిమెంట్‌ను రద్దు చేయించే సివిల్ దావాకు మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. చాలా టైముంది కదా అని ఊపిరి పీల్చుకోకండి. టెలికాం కంపెనీలు కాల్ రికార్డులు ఉంచాల్సింది రెండేళ్లు. మూడో షూటింగ్ రోజు మేనేజర్ మీకు ఎన్నిసార్లు ఫోన్ చేశాడో, అతని ఫోన్ ఏ టవర్ కింద ఉందో తేల్చే రికార్డుకు ఇక మిగిలింది ఎనిమిది నెలలు. చట్టం ఇచ్చిన గడువు కంటే సాక్ష్యం ముందు చచ్చిపోతుంది, నా అనుభవంలో ఎక్కువ కేసులు ఓడింది ఇందుకే.

మీకు డబ్బు పడిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్ తీయండి, కంపెనీ పేరుతో పడిందా, ఎవరో వ్యక్తి ఖాతా నుంచి పడిందా చూడండి. అగ్రిమెంట్ కాపీ లేకపోతే పోలీసులే వాళ్ల దగ్గర స్వాధీనం చేసుకుంటారు. లింకులు, స్క్రీన్‌షాట్లు భద్రమయ్యాకే తీసేయమని సైట్లకు ఫిర్యాదు పెట్టండి. ముందే తీయిస్తే నేరం జరిగిన చోటు మనమే తుడిచినట్టు. 2021 ఐటీ నిబంధనలు ఇలాంటి ఫిర్యాదు బాధితురాలి నుంచి వస్తే 24 గంటల్లో తొలగించాలని గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణ దాన్ని రెండు గంటలకు కుదించింది. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సేవలో వీడియో మీ ఫోన్ దాటకుండానే దాని డిజిటల్ గుర్తు మాత్రమే తయారై ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి వెళ్తుంది, దాంతో కొత్తగా ఎక్కించకుండా కొంతవరకు ఆపొచ్చు.

ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 77వ సెక్షన్ ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి, అది మీ హక్కు, మొహమాటం లేకుండా అడగండి. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్దాం. ఫీజు గురించి రాశారు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేస్తే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కలుపుతారు.

ఫోన్ పోలీసులకు ఇచ్చేటప్పుడు మోడల్, ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు సంఖ్య) రాసిన రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. పాత ఫోన్ దొరికిందా లేదా, మూడో షూటింగ్ తేదీ ఏది, ఈ రెండూ నాకు వెంటనే రాయండి. మిగతా కథ ఇప్పటికే చెప్పారు.