పాత కేబుల్ పీకి అమ్మితే దొంగతనం కేసు అవుతుందా?

ప్రశ్న: నేను నెట్‌వర్క్ కేబులింగ్ పని చేస్తాను. మాదాపూర్‌లో ఒక కంపెనీ ఆఫీసు ఖాళీ చేస్తుంటే, పాత కేబుల్ పీకే పని మెయిన్ కాంట్రాక్టర్ ద్వారా నాకు వచ్చింది. "మొత్తం పీకి పట్టుకుపోండి, ఫ్లోర్ క్లీన్‌గా ఉండాలి" అని అక్కడి ఫెసిలిటీ సూపర్‌వైజర్ నోటితో చెప్పాడు. గేట్ పాస్ కూడా ఇచ్చారు. కొంత కేబుల్‌ను మా కుర్రాళ్లు కాల్చి రాగి తీశారు. మిగతాది అలాగే తూకం వేయించాం. అంతా భోలక్‌పూర్‌లో ఒక తుక్కు షాపుకు అమ్మితే 22 వేలు వచ్చాయి. మూడు వారాల తర్వాత కంపెనీ వాళ్లు కొత్త కేబుల్ ధర లెక్కన 80 వేలు కట్టమంటున్నారు, లేకపోతే దొంగతనం కేసు పెడతామంటున్నారు. కాంట్రాక్టర్ నా బిల్లు 65 వేలు ఆపేశాడు. స్టేషన్ నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నన్ను అరెస్ట్ చేస్తారా? షాపు అతను కూడా ఇరుక్కుంటాడా? - ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు పంపిన గేట్ పాస్ ఫొటో చూశాక నాకు చాలావరకు ధైర్యం వచ్చింది. మీరు కూడా ధైర్యంగా ఉండండి. అది పసుపు రంగు కార్బన్ కాపీ. అక్షరాలు అలుక్కుపోయినా "ఓల్డ్ కేబుల్, స్క్రాప్, నాన్ రిటర్నబుల్" అన్నది చదవడానికి వస్తోంది. కింద సూపర్‌వైజర్ సంతకం, సెక్యూరిటీ స్టాంపు, బండి నంబరు ఉన్నాయి. తిరిగి లోపలికి రావాల్సిన సరుకైతే రిటర్నబుల్ పాస్ రాస్తారు. నాన్ రిటర్నబుల్ అని రాశారంటే, అది మళ్లీ వెనక్కి రాదని తెలిసే గేటు దాటించారు. దొంగసొత్తు సెక్యూరిటీ స్టాంపు వేయించుకుని పట్టపగలు బయటికి పోదు. ఆ ఒరిజినల్ చీటీని ఎవరి చేతికీ ఇవ్వకండి. జిరాక్సులు తీసి పెట్టుకోండి.

ఇక చట్టం. 2024 జులై 1 తర్వాత జరిగిన వాటికి భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. దొంగతనం దాని 303వ సెక్షన్. పాత ఐపీసీలో 378, 379 సెక్షన్లు ఇవే. వస్తువు తీసుకుపోతే చాలదు, దురుద్దేశంతో, స్వాధీనంలో ఉన్నవారి సమ్మతి లేకుండా తీసుకుపోవాలి. ఆ సమ్మతి మాటల్లోనే ఉండనక్కర్లేదని, పరిస్థితులను బట్టి ఉన్నట్టు గ్రహించినా చాలని, అధికారం ఉన్న మనిషి ద్వారా వచ్చినా సమ్మతే అని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఫ్లోర్ ఖాళీ చేయించే బాధ్యత సూపర్‌వైజర్‌దే. అతను పట్టుకుపొమ్మన్నాడు, గేట్ పాస్ మీద సంతకం పెట్టాడు. అతనికి అధికారం లేదని కంపెనీ ఇప్పుడు చెప్పుకున్నా, ఆ రోజు ఉందని మీరు నమ్మడంలో తప్పేముంది?

కానీ మీ వైపు రెండు బలహీనతలు ఉన్నాయి. దాచి లాభం లేదు.

మొదటిది వర్క్ ఆర్డర్. మీరు అది పంపలేదు. అందులో స్క్రాప్ ఎవరికి చెందుతుందో ఒక లైను ఉండవచ్చు. "తీసిన సామాను క్లయింట్ స్టోర్‌లో అప్పగించాలి" అని ఉంటే, మీకు అప్పగించిన సరుకు అమ్ముకున్నారని 316వ సెక్షన్ కింద, అంటే నమ్మకద్రోహం కింద ఫిర్యాదు చేయవచ్చు. ఆ షరతు మీకు చూపించారా, లేక కంపెనీకీ కాంట్రాక్టర్‌కీ మధ్యే ఉండిపోయిందా అన్నది అప్పుడు కీలకం అవుతుంది. పారేయమన్నారు కదా అని మన లైన్‌లో చాలామంది అది తమదే అనుకుంటారు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, నగరంలో స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్ సిబ్బంది కత్తిరించారు. రోడ్డు పక్కన పడిన ఆ చుట్టలు తీసుకోవచ్చా అని నన్ను అడిగినవాళ్లున్నారు. కేబుల్‌ను ఎవరో కోసినంత మాత్రాన దాని యజమాని హక్కు పోదు. పైగా వాటిలో ఎక్కువ భాగం ఫైబర్, రాగే ఉండదు.

రెండోది కాల్చడం. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. కేబుల్ తొడుగు మీద కంపెనీ పేరు, రకం, మీటర్ల అంకెలు వరసగా అచ్చు వేసి ఉంటాయి. సరుకు ఎక్కడిదో చెప్పేది ఆ అచ్చే. కాల్చేస్తే అది పోతుంది. గుర్తులు చెరిపేయడానికే కాల్చారని అవతలి లాయర్ తప్పకుండా అంటాడు. దురుద్దేశం లేదని చెప్పే మీ వాదనకు అక్కడే దెబ్బ. తొడుగులోని పీవీసీ ప్లాస్టిక్ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు ఉంటుంది, డయాక్సిన్లు అనే విషాలు కూడా పుడతాయి. ఆ కుర్రాళ్లు మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా పీల్చి ఉంటారు. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది. అచ్చు ఉన్న తొడుగు ముక్కలు ఏమైనా మిగిలి ఉంటే పారేయకండి.

80 వేల సంగతి. 305 మీటర్ల క్యాట్ సిక్స్ (నెట్‌వర్క్ కేబుల్ రకం) పెట్టెలో ఉండే రాగి ఐదు, ఐదున్నర కిలోలు. రాగి పూత పూసిన అల్యూమినియం రకమైతే విలువ ఇంకా తక్కువ. గోడల్లోంచి, సీలింగ్‌లోంచి ముక్కలుగా పీకిన కేబుల్‌ను ఎవరూ మళ్లీ వేయరు. కాబట్టి నష్టం లెక్కించాల్సి వచ్చినా ఆ రోజు తుక్కు విలువే లెక్క, కొత్త పెట్టె ధర కాదు. షాపులో ఇచ్చిన కాటా చీటీ దీనికి సాక్ష్యం. వర్క్ ఆర్డర్ మీకు వ్యతిరేకంగా ఉంటే ఆ 22 వేలు తిరిగి ఇచ్చేస్తామని మీరే ముందుగా ఉత్తరం రాయండి. "వివాదం ముగించడానికే ఇస్తున్నాను, ఇది తప్పు ఒప్పుకోవడం కాదు" అని అందులో ఉండాలి. వాళ్లు రాసిచ్చిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

అరెస్ట్ భయం విషయానికి వస్తే, 303 కింద గరిష్ఠ శిక్ష మామూలుగా మూడేళ్లు, 316 కింద సాధారణంగా ఐదేళ్లు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్ట్ చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద నోటీసు ఇవ్వాలి. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని ఫోన్ ఎత్తకుండా ఉండకండి. నోటీసు ఇవ్వమని మర్యాదగా అడగండి, అది అందిన తర్వాత తప్పకుండా హాజరు కండి. అంతకు మించి ఒత్తిడి వస్తే అదే సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిల్‌కు వెళ్లొచ్చు. లాయర్‌కు డబ్బు ఇబ్బందైతే ఉచిత న్యాయ సహాయానికి అర్హులేమో 15100కు ఫోన్ చేసి కనుక్కోండి.

షాపు అతని విషయం: సరుకు దొంగదని తెలిసి, లేదా అనుమానించాల్సిన కారణం ఉండి కొంటేనే న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది. గేట్ పాస్ చూసి, ఆధార్ తీసుకుని, మార్కెట్ రేటు ఇచ్చి ఉంటే అతనికీ రక్షణ ఉంటుంది. అతని రిజిస్టర్‌లో మీ ఎంట్రీ ఫొటో తీసుకోండి.

బిల్లు ఆపిన కాంట్రాక్టర్‌కు లాయర్ నోటీసు పంపించండి. కంపెనీకీ మీకూ ఉన్న గొడవను చూపించి, చేసిన పనికి డబ్బు ఆపడానికి అతనికి ఏ షరతు హక్కు ఇస్తోందో రాతపూర్వకంగా చెప్పమనండి.

వీటన్నిటికంటే ముందు, రేపు పొద్దున్నే ఆ బిల్డింగ్ మేనేజ్‌మెంట్‌కు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. మీ బండి బయటికి వెళ్లిన తేదీ, టైము రాసి, ఆ రోజు గేటు దగ్గరి సీసీటీవీ ఫుటేజ్, మెటీరియల్ రిజిస్టర్ పేజీ భద్రపరచమని కోరండి. చాలాచోట్ల ఫుటేజ్ నెల రోజుల్లో చెరిగిపోతుంది, మీకు ఇప్పటికే మూడు వారాలు అయిపోయాయి.