ఆసుపత్రి మందుల షాపులోనే కొనాలా?

ప్రశ్న: మా నాన్నగారికి పిత్తాశయంలో రాళ్ళు తీయించడానికి ఈ వేసవిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నర్సు చీటీ ఇచ్చిన ప్రతిసారీ కింది అంతస్తులోని వాళ్ళ మందుల షాపుకే పరుగెత్తవలసి వచ్చింది. అదే కంపెనీ సెలైన్ సెట్టు, గ్లవ్స్ మా వీధి షాపులో దాదాపు సగం ధరకు తెస్తే, ‘బయటి సరుకు మేం వాడం’ అని తిప్పి ఇచ్చేశారు. అలా అనవచ్చా? ప్రభుత్వాన్ని ఏమని అడగాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ మొదటి ప్రశ్నకు చట్టంలో సూటి సమాధానం లేదు కనుకనే రెండోది ముఖ్యమైనది. మందులు ఎక్కడ కొనుక్కోవాలో ఎంచుకునే హక్కు రోగిదేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది గానీ, ఆ పత్రానికి దానంతట దానికి చట్టబలం లేదు. ఈ నిర్బంధాన్ని ఆపాలని కోరిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2025 మార్చిలో తానుగా ఆదేశాలివ్వకుండా, తగిన విధానం రూపొందించే పనిని రాష్ట్ర ప్రభుత్వాలకే విడిచిపెట్టింది. కాబట్టి మీరు అడగవలసిన చోటు ఢిల్లీ కాదు, హైదరాబాదు.

ఆసుపత్రి మీ దగ్గర ఎమ్మార్పీకి మించి వసూలు చేసి ఉండకపోవచ్చు. కిటుకంతా ఆ ఎమ్మార్పీలోనే ఉంది. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది, గ్లవ్స్, సిరంజిల వంటి వాటిలో చాలావాటికి ఆ కట్టుబాటు లేదు. పెద్ద ఆసుపత్రి టోకున కొంటుంది కనుక తయారీదారు తాను తక్కువకే అమ్ముతూ, పొట్లం మీద మాత్రం ఎక్కువ ధర అచ్చువేయడానికి ఒప్పుకుంటాడు. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2018లో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే, లాభం 1,737 శాతం దాకా ఉన్నట్టు తేలింది.

మన దగ్గర ఎన్నికలప్పుడు వినిపించేది ఆరోగ్యశ్రీ పరిమితి ఎన్ని లక్షలన్న మాటే. తెలంగాణ 2023 డిసెంబరులో దాన్ని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది, మంచిదే. కానీ సొంత డబ్బు కట్టుకునేవారి బిల్లు ఎవరికీ పట్టదు.

‘ఇక్కడే కొనాలన్న నిర్బంధం లేదు’ అని షాపుల ముందు బోర్డు పెట్టాలని మహారాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ 2025లో ఆదేశించింది. అది ఇక్కడా కోరండి. అయితే ఆపరేషన్ గది తలుపు దగ్గర నిలబడ్డ మనిషి బోర్డు చూపించి వాదించలేడు కనుక, బయటి సరుకును నిరాకరిస్తే కారణం రాసి సంతకం చేసి ఇవ్వాలన్న నిబంధన కూడా కావాలని నా అభిప్రాయం. చల్లగా నిలవ ఉంచవలసిన ఇంజెక్షన్ల విషయంలో ఆసుపత్రి అభ్యంతరంలో న్యాయం ఉంటుంది, గ్లవ్స్‌కు ఆ సాకు చెల్లదు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రెండు షాపుల బిల్లుల నకళ్ళతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఎమ్మెల్యేకూ ఒక ప్రతి పంపండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది కనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళవచ్చు. మీరు చెల్లించినది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు, గడువు రెండేళ్ళు. అసలు బిల్లులు మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి.